ఆ పదిహేను లైన్లలో ఏం చూడాలి: గిట్‌లో ఆప్షన్ మార్పుల రివ్యూ

అందరికీ నమస్కారం.

ఈ పూట మనం తీసుకున్నది చూడ్డానికి చిన్న విషయమే. గిట్ అనే వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో (ఫైళ్లలో మార్పుల చరిత్రని దాచే ప్రోగ్రామ్) ఒక కమాండ్‌కి ఆప్షన్, అంటే దాని తీరు మార్చే ‘--’ మాట, చేర్చే ప్యాచ్ (కోడ్ మార్పు) మీ దగ్గరికి రివ్యూకి వచ్చింది. సీ కోడ్ ఓ పదిహేను లైన్లు, టెస్టులు రెండో మూడో, మాన్యువల్‌లో ఒక పేరా. అల్గారిదం ఏమీ లేదు, డేటా స్ట్రక్చర్ మారలేదు. పైపైన చదివి ‘బాగుంది’ అని రాసేయాలనిపిస్తుంది. కానీ వెర్షన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి విడుదలైన ఆప్షన్‌ని వెనక్కి తీసుకోవడం మహా కష్టం. అది జనం చేతివేళ్లకి అలవాటైపోతుంది, స్క్రిప్టుల్లోకి, బిల్డ్ సర్వర్లలోకి వెళ్లిపోతుంది. లోపలి ఫంక్షన్‌కి తప్పు పేరు పెడితే రేపు మార్చుకోవచ్చు. ఆప్షన్‌కి తప్పు పేరు పెడితే ఏళ్ల తరబడి మోయాలి. అందుకే ఆ పదిహేను లైన్ల మీద ఒక గంట కూర్చున్నా దండగ కాదంటాను.

ఊరికే సూత్రాలు వల్లిస్తే గుర్తుండవు. గిట్‌లో నిజంగా జరిగిన మార్పునే పట్టుకుందాం. 2021లో ‘గిట్ పుల్’ కమాండ్‌లో ‘--నో-వెరిఫై’ ఆప్షన్‌ని సరిచేశారు. అదీ మన ఉదాహరణ.

ముందు నేపథ్యం. కమిట్ అంటే చరిత్రలో దాచిన ఒక మార్పు; రెండు బ్రాంచ్‌లని (విడివిడిగా సాగే మార్పుల వరుసలని) కలిపేది మెర్జ్ కమిట్. హుక్ అంటే అలాంటి పని మధ్యలో గిట్ తానే నడిపే, మనం రాసిపెట్టుకున్న స్క్రిప్టు. ‘గిట్ మెర్జ్’ ఒక మెర్జ్ కమిట్ చేసేటప్పుడు ప్రీ-మెర్జ్-కమిట్, కమిట్-మెసేజ్ అనే రెండు హుక్‌లను నడుపుతుంది. ‘--నో-వెరిఫై’ ఇస్తే వాటిని వదిలేస్తుంది. ‘గిట్ పుల్’ అంటే ముందు ఫెచ్ (వేరేచోట ఉన్న ప్రాజెక్టు కాపీ నుంచి కొత్త మార్పులు తెచ్చుకోవడం), తర్వాత మెర్జ్ లేదా రీబేస్ (మన కమిట్లని వాటి పైన మళ్లీ పేర్చడం). పుల్ తానుగా మెర్జ్ చేయదు, ‘గిట్ మెర్జ్’ని చైల్డ్ ప్రాసెస్‌గా పిలుస్తుంది. రెండు కమాండ్ల మాన్యువల్ పేజీలూ మెర్జ్ ఆప్షన్ల వివరణని ఒకే ఫైల్ నుంచి తెచ్చుకుంటాయి. కాబట్టి పుల్ మాన్యువల్‌లోనూ ‘--నో-వెరిఫై’ కనిపించేది. మాన్యువల్ చదివి ‘గిట్ పుల్ --నో-వెరిఫై’ అని కొట్టినవాళ్లకి ఎర్రర్ ఏమీ వచ్చేది కాదు. పని జరిగినట్టే ఉండేది. కానీ హుక్ మాత్రం నడిచేది.

అంతటితో ఆగితే సరే. దాంతోపాటు ఇంకొకటి కూడా జరిగేది: కమిట్ల మీద సంతకాల తనిఖీ ఆగిపోయేది. మెర్జ్ చేసే బ్రాంచ్ చివరి కమిట్‌కి జీపీజీ సంతకం (ఎవరు చేశారో రుజువు చేసే డిజిటల్ ముద్ర) ఉండాలని కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌లో మెర్జ్-డాట్-వెరిఫై-సిగ్నేచర్స్ పెట్టుకున్నవాళ్లకి, ఈ ఒక్క ఆప్షన్ ఆ రక్షణని చడీచప్పుడు లేకుండా తీసేసేది. హుక్ ఆపమని అడిగితే హుక్ ఆగలేదు, అడగని తనిఖీ ఆగింది. ఎందుకు?

ఇది అర్థం కావాలంటే గిట్ ఆప్షన్లని ఎలా చదువుతుందో తెలియాలి. 2007 చివర్లో గిట్‌లోకి పార్స్-ఆప్షన్స్ అనే లైబ్రరీ వచ్చింది. అంతకుముందు ప్రతి కమాండూ ఆర్గ్యుమెంట్లని (కమాండ్ పేరు తర్వాత కొట్టే మాటల్ని) తన పద్ధతిలో తాను చదువుకునేది. ఈ లైబ్రరీ వచ్చాక ప్రతి కమాండూ ఒక టేబుల్ ఇస్తుంది. వరుసకి ఒక ఆప్షన్: పొట్టి పేరు, పొడుగు పేరు, విలువని ఎక్కడ పెట్టాలో ఒక పాయింటర్, సహాయ వాక్యం, కొన్ని ఫ్లాగులు. పార్సర్, అంటే ఆర్గ్యుమెంట్లని చదివే ఆ లైబ్రరీ కోడ్, ఆ టేబుల్‌ని చూసుకుంటూ యూజర్ కొట్టినదాన్ని పోలుస్తుంది. మనకి ముఖ్యమైన సంగతి ఏమిటంటే, టేబుల్‌లో మీరు రాసింది ఒక్క పేరే అయినా పార్సర్ ఒప్పుకునేది ఒక్క పేరు కాదు.

పూర్తిగా సరిపోతే తీసుకుంటుంది, అది మామూలే. ముందు ‘నో-’ తగిలిస్తే దాన్ని వ్యతిరేకంగా తీసుకుంటుంది, అందుకోసం మీరు విడిగా ఏమీ రాయనక్కర్లేదు. పేరు మొదటి అక్షరాలు ఇచ్చినా, వాటితో మొదలయ్యే ఆప్షన్ ఒక్కటే ఉంటే దాన్నే తీసుకుంటుంది. ‘గిట్ కమిట్ --అమె’ అంటే ‘--అమెండ్’ అనే అనుకుంటుంది. ఇక చివరిది, మన కథంతా ఉన్నది: పై రెండూ కలిసినా ఒప్పుకుంటుంది. అంటే ‘నో-’ తీసేసి, మిగిలిన ముక్కతో మొదలయ్యే ఆప్షన్ ఏదైనా ఉందా అని కూడా వెతుకుతుంది.

ఇప్పుడు పాత పుల్ టేబుల్ చూడండి. అందులో ‘వెరిఫై’ అనే ఆప్షన్ లేదు, ‘నో-వెరిఫై’ కూడా లేదు. ‘వెరిఫై-సిగ్నేచర్స్’ ఉంది. యూజర్ ‘--నో-వెరిఫై’ కొట్టాడు. ‘నో-’ తీసేస్తే మిగిలేది ‘వెరిఫై’. ‘వెరిఫై’తో మొదలయ్యేది టేబుల్‌లో ఒక్కటే ఉంది కదా అని పార్సర్ దానికే ముడిపెట్టింది. పుల్ అక్కడి నుంచి మెర్జ్‌కి ‘--నో-వెరిఫై-సిగ్నేచర్స్’ అని పంపింది. పార్సర్‌లో బగ్ లేదు. మెర్జ్‌లో బగ్ లేదు. పుల్ టేబుల్‌లో ఒక వరుస లేకపోవడమే బగ్.

కాబట్టి ఆప్షన్ ప్యాచ్ రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఈ ప్యాచ్ రాకముందు ఇదే ఆప్షన్‌ని కొడితే ఏం జరిగేది? ‘తెలియని ఆప్షన్’ అని ఎర్రర్ వచ్చేదా, లేక ఇంకేదో అర్థంతో నడిచేదా? ఎర్రర్ వచ్చేదైతే మీరు ఖాళీ స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నారు. నడిచేదైతే అందులో ఎవరో కాపురం ఉంటున్నారు, వాళ్ల సంగతి చూడాలి. డిఫ్ (ప్యాచ్‌లో మారిన లైన్ల జాబితా) చదివితే ఇది తెలియదు. డిఫ్‌లో కొత్త వరుస ఒక్కటే కనిపిస్తుంది, పాత వరుసలు కనిపించవు.

తెలుసుకోవడం తేలికే. ప్యాచ్ పెట్టకముందు బిల్డ్ చేసిన గిట్‌ని పక్కన ఉంచుకోండి. గిట్-ట్రేస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇచ్చి కమాండ్ నడపండి. గిట్ తాను పిలిచే ప్రతి చైల్డ్ కమాండ్‌నీ ఆర్గ్యుమెంట్లతో సహా తెర మీద రాస్తుంది. మన ఉదాహరణలో ‘గిట్ మెర్జ్ --నో-వెరిఫై-సిగ్నేచర్స్ ఫెచ్-హెడ్’ అన్న లైను కళ్లెదుట పడుతుంది. కోడ్ ఎంతసేపు చదివినా దొరకనిది ఆ ఒక్క లైనులో దొరుకుతుంది.

రెండో వైపు నుంచి కూడా అడగాలి. కొత్త పేరు వల్ల ఇదివరకు పనిచేసిన పొట్టి రూపం ఏదైనా తెగిపోతుందా? టేబుల్‌లో ఒకే అక్షరాలతో మొదలయ్యే పేర్లు రెండైతే, ఆ అక్షరాలు మాత్రమే కొట్టినప్పుడు పార్సర్ ఏదో తేల్చుకోలేక ఆగిపోతుంది. రిపోజిటరీని (ప్రాజెక్టూ దాని చరిత్రా ఉన్న డైరెక్టరీని) కాపీ చేసే క్లోన్ కమాండ్‌లో ‘--రికర్సివ్’, ‘--రికర్స్-సబ్‌మాడ్యూల్స్’ రెండూ ఒకే పని చేస్తాయి. అయినా వాటి ఉమ్మడి మొదటి అక్షరాలు కొడితే ‘రెండున్నాయి, ఏది కావాలి’ అని ఎర్రర్ ఇచ్చేది. ఒక ఆప్షన్ మరొకదానికి మారుపేరని టేబుల్‌లోనే చెప్పే ఏర్పాటు 2019లో చేశారు, అప్పుడుగానీ ఇది తీరలేదు. స్క్రిప్టుల్లో పొట్టి రూపాలు వాడొద్దని గిట్ మాన్యువల్ స్పష్టంగా చెబుతుంది, కాబట్టి తెగిన ప్రతిదానికీ ప్యాచ్‌ని ఆపనక్కర్లేదు. కానీ తెగుతోందని తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

ఇక ప్యాచ్ లోపలికి వద్దాం. పుల్ టేబుల్‌లో కొత్త వరుస పెట్టాలి. ఏ పేరుతో? ఇదే ఈ ప్యాచ్‌లో అసలు నిర్ణయం.

చేతికి మొదట దొరికే దారి మెర్జ్ టేబుల్ నుంచి వరుసని తెచ్చి అతికించడం. మెర్జ్‌లో అది ‘నో-వెరిఫై’ అన్న పేరుతోనే బూలియన్‌గా (అవును-కాదు విలువగా) ఉంది. పేరు ‘నో-’తో మొదలైతే పార్సర్ దానికీ ఒక మర్యాద చేస్తుంది: ‘నో-’ తీసేసిన రూపాన్ని వ్యతిరేకంగా తీసుకుంటుంది. అంటే మెర్జ్‌లో ‘--వెరిఫై’ కొడితే నో-వెరిఫై అనే వేరియబుల్ సున్నా అవుతుంది. మెర్జ్‌లో ఇది హాయిగా నడుస్తుంది.

పుల్‌లో నడవదు. ఎందుకంటే పుల్ ఆ విలువని తాను వాడుకోదు, మెర్జ్‌కి అందించాలి. అందుకోసం పాస్‌త్రూ అనే రకం ఆప్షన్ ఉంది. 2015లో పుల్‌ని షెల్ స్క్రిప్టు నుంచి సీ భాషలోకి తిరగరాసినప్పుడు వచ్చింది ఇది. యూజర్ ఇచ్చిన ఆప్షన్‌ని మళ్లీ స్ట్రింగ్‌గా కూర్చి ఒక వేరియబుల్‌లో పెడుతుంది. కూర్చే పద్ధతి చాలా సాదా: మామూలుగా అయితే రెండు డ్యాష్‌లు, ఆపైన టేబుల్‌లోని పేరు. వ్యతిరేక రూపమైతే రెండు డ్యాష్‌లు, ‘నో-’, ఆపైన టేబుల్‌లోని పేరు. అంతే, ఇంతకుమించి ఆలోచించదు.

ఇప్పుడు టేబుల్‌లో పేరు ‘నో-వెరిఫై’ అని పెట్టారనుకోండి. యూజర్ ‘--వెరిఫై’ కొట్టాడు. పార్సర్ దాన్ని ‘నో-వెరిఫై’కి వ్యతిరేకం అంటుంది. పాస్‌త్రూ ‘--నో-’ రాసి పక్కన టేబుల్‌లోని పేరు అతికిస్తుంది. మెర్జ్‌కి అందేది ‘--నో-నో-వెరిఫై’. రెండు నోలున్న మాటని అవతలి కమాండ్ ఎలా అర్థం చేసుకుంటుందన్న దాని మీద మన కమాండ్ ఆధారపడకూడదు.

‘సరే, వ్యతిరేక రూపమే వద్దు’ అని నోనెగ్ ఫ్లాగు పెడదామా? పెడితే ‘నో-నో’ రాదు. కానీ ‘--వెరిఫై’కి ఇప్పుడు టేబుల్‌లో సొంత చోటు లేకుండా పోయింది. పార్సర్ మళ్లీ పొట్టి రూపాల వేటకి వెళ్తుంది, ‘వెరిఫై-సిగ్నేచర్స్’ దొరుకుతుంది. మనం మూయడానికి వచ్చిన కంతే పక్కన మళ్లీ పడింది.

గిట్‌లోకి చేరిన రూపం ఇది: పేరు ‘వెరిఫై’, పాస్‌త్రూ రకం, ఆర్గ్యుమెంట్ తీసుకోదని నోఆర్గ్ ఫ్లాగు. ‘--నో-వెరిఫై’ కొడితే ‘--నో-వెరిఫై’ కూరుతుంది, ‘--వెరిఫై’ కొడితే ‘--వెరిఫై’ కూరుతుంది. రెండింటికీ పూర్తి పేరు దొరికింది కాబట్టి పొట్టి రూపాల వేట జరగదు. అచ్చంగా సరిపోయే పేరు ఉంటే పార్సర్ దాన్నే తీసుకుంటుంది. కొత్త ఆప్షన్‌కి ఎప్పుడైనా సరే సకారాత్మక పేరు పెట్టి, ‘నో-’ని పార్సర్‌కే వదిలేయమని అడగండి. పాత టేబుళ్లలో ‘నో-’ పేర్లు ఉన్నాయి కదా అంటే ఉన్నాయి. వాటిని చూసి కొత్తవి రాయనక్కర్లేదు.

‘--వెరిఫై’ అన్నది మామూలు పద్ధతే కదా, అది ఎవరు కొడతారు అని అడగొచ్చు. ఎవరో కాన్ఫిగ్‌లో ‘పీఎల్’ అని ఒక అలియాస్ (సొంత పొట్టి కమాండ్) పెట్టుకుని, అందులో ‘పుల్ --నో-వెరిఫై’ అని రాసుకున్నారు. ఒక్క రోజు మాత్రం హుక్‌లు నడవాలి. అప్పుడు ‘గిట్ పీఎల్ --వెరిఫై’ అంటారు. తర్వాత వచ్చింది ముందు దాన్ని కొట్టేయాలి. గిట్ వాడేవాళ్లు అన్ని ఆప్షన్ల దగ్గరా ఆశించేది ఇదే. పాస్‌త్రూ వేరియబుల్‌లో ఒక్క స్ట్రింగే ఉంటుంది కాబట్టి చివరిది నిలుస్తుంది. పాస్‌త్రూలో ఇంకో రకం ఉంది, అది వచ్చినవన్నీ వరుసగా ఒక జాబితాలో పేర్చుకుంటుంది. పదే పదే ఇవ్వగలిగే ఆప్షన్లకి అది కావాలి, బూలియన్లకి ఇది చాలు. ప్యాచ్‌లో ఏది వాడారో చూడండి.

తర్వాత, టేబుల్‌లో వరుస పెట్టినంత మాత్రాన పని అవదు. ఆ వేరియబుల్‌ని మెర్జ్ ఆర్గ్యుమెంట్ల జాబితాలోకి తోసే రెండు లైన్లు వేరే ఫంక్షన్‌లో ఉండాలి. అవి మర్చిపోతే కంపైలర్ నోరెత్తదు, ఎందుకంటే వేరియబుల్ అడ్రస్‌ని టేబుల్‌లో వాడారు కదా. ఆప్షన్ చక్కగా పార్స్ అవుతుంది, ఎక్కడికీ వెళ్లదు. పుల్ నుంచి బయటికి మూడు దారులున్నాయి: ఫెచ్, మెర్జ్, రీబేస్. ప్రతి కొత్త ఆప్షన్‌కీ ‘ఏ దారిలో వెళ్లాలి’ అని అడగాలి. రీబేస్‌కి కూడా సొంత ‘--నో-వెరిఫై’ ఉంది, అది ఆపేది ప్రీ-రీబేస్ హుక్‌ని. పేరు ఒకటే, హుక్ వేరు. పుల్ రీబేస్‌గా నడిచినప్పుడు దీన్ని అందించాలా వద్దా అన్నది నిర్ణయించాల్సిన విషయం. ఏ నిర్ణయమైనా సరే, అది ఎందుకో కమిట్ మెసేజ్‌లో ఉండాలి. లేకపోతే అడగండి.

ఇప్పుడు టెస్టులు. నా దృష్టిలో ఆప్షన్ ప్యాచ్‌లో ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే, కావాలని కాదు, తెలియక.

టెస్టు ఇలా ఉంటుంది. ‘సోర్స్’ అని ఒక రిపోజిటరీ, అందులో ఒక కమిట్. దాన్ని ‘డెస్ట్’గా క్లోన్ చేయాలి. డెస్ట్‌లో కమిట్-మెసేజ్ హుక్ పెట్టాలి, అందులో ఒకే మాట: ‘ఫాల్స్’. అంటే నడిస్తే చాలు, విఫలమవుతుంది. సోర్స్‌లో ఇంకో కమిట్. ఆపైన డెస్ట్‌లో ‘గిట్ పుల్ --నో-ఎఫ్‌ఎఫ్ --నో-వెరిఫై’. ఇది గట్టెక్కితే హుక్ నడవలేదన్నమాట.

అందులో ‘--నో-ఎఫ్‌ఎఫ్’ ఎందుకుందో గమనించారా? డెస్ట్‌లో సొంత కమిట్లేవీ లేవు. ఆ ఆప్షన్ లేకపోతే పుల్ ఫాస్ట్-ఫార్వర్డ్ చేసేస్తుంది, అంటే బ్రాంచ్‌ని సోర్స్‌లోని కొత్త కమిట్ దాకా జరిపి ఊరుకుంటుంది, మెర్జ్ కమిట్ పుట్టదు, కమిట్ పుట్టకపోతే హుక్‌ని ఎవరూ పిలవరు. ప్యాచ్ ఉన్నా లేకున్నా టెస్టు పాస్ అవుతుంది. హుక్ ఫైల్‌కి ఎగ్జిక్యూట్ అనుమతి లేకపోయినా అంతే, గిట్ ఆ హుక్‌ని పక్కన పెట్టేస్తుంది. అందుకే గిట్ టెస్టుల్లో హుక్‌ని మామూలు రీడైరెక్షన్‌తో రాయకుండా రైట్-స్క్రిప్ట్ అనే సహాయక ఫంక్షన్‌తో రాస్తారు. అది స్క్రిప్టుని ఏ షెల్ నడపాలో చెప్పే మొదటి లైను పెట్టి, అనుమతి కూడా ఇస్తుంది.

రెండో టెస్టు దీనికి తిరగేసినది: ‘--నో-వెరిఫై --వెరిఫై’ రెండూ ఇస్తే హుక్ నడవాలి, పుల్ విఫలం కావాలి. దీన్ని టెస్ట్-మస్ట్-ఫెయిల్ అనే ఫంక్షన్‌తో రాయాలనిపిస్తుంది. జాగ్రత్త. ఆ ఫంక్షన్ అడిగేది ‘కమాండ్ విఫలమైందా’ అని మాత్రమే. సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో చచ్చిపోతే పట్టుకుంటుంది, కమాండే దొరక్కపోతే పట్టుకుంటుంది. కానీ తెలియని ఆప్షన్ ఇచ్చినప్పుడు గిట్ ఇచ్చే ఎగ్జిట్ కోడ్ 129 దానికి సమ్మతమే. టెస్టులో ఆప్షన్ స్పెల్లింగ్ తప్పు రాసినా టెస్టు పచ్చగా ఉంటుంది.

మన ఉదాహరణలో ఇది ఇంకా లోతుకి వెళ్తుంది. ప్యాచ్ లేని పాత గిట్‌లో ‘--నో-వెరిఫై --వెరిఫై’ అంటే ఏమవుతుంది? చివరిది నిలిచి, సంతకాలు తనిఖీ చేయమని అర్థమవుతుంది. టెస్టు కమిట్‌కి సంతకం లేదు. మెర్జ్ విఫలం! గిట్ టెస్టు సూట్ లోపల అయితే కారణం మారుతుంది: అక్కడ 2019 నుంచీ పొట్టి రూపాలని నిషేధించే వేరియబుల్ ఒకటి పనిచేస్తుంది కాబట్టి పార్సరే ఆగిపోతుంది, మళ్లీ విఫలం. ఎలా చూసినా పుల్ విఫలమవుతుంది, టెస్టు పాస్ అవుతుంది, హుక్ ప్రస్తావనే రాదు. ఏ మార్పూ లేకుండానే పాస్ అయ్యే టెస్టు ఆ మార్పు గురించి ఏమీ చెప్పదు.

మందు ఏమిటంటే, హుక్ చేత ఒక గుర్తు వదిలించడం. ‘ఫాల్స్’కి ముందు ఒక ఖాళీ ఫైల్ సృష్టించే లైను పెట్టించండి. విఫలం కావాల్సిన టెస్టులో పుల్ విఫలమైందని చూశాక ఆ ఫైల్ ఉందని కూడా చూడాలి. గట్టెక్కాల్సిన టెస్టులో అది లేదని చూడాలి. రెండు లైన్లు పెరుగుతాయి, అనుమానం పోతుంది.

రివ్యూయర్‌గా మీరు చేతులతో చేయాల్సిన పని కూడా చెబుతాను. ప్యాచ్‌ని ఒక బ్రాంచ్‌లో పెట్టండి. ‘గిట్ చెకౌట్’తో సీ ఫైల్‌ని మాత్రం ముందు కమిట్‌లోని రూపానికి తిప్పండి, టెస్టు ఫైల్‌ని కదపొద్దు. ‘మేక్’ కొట్టి, టెస్టుల డైరెక్టరీలోకి వెళ్లి ఆ ఒక్క టెస్టు స్క్రిప్టుని ‘-వీ -ఐ’తో నడపండి. ‘-వీ’ వివరంగా చూపిస్తుంది, ‘-ఐ’ మొదటి వైఫల్యం దగ్గరే ఆగి, ఆ రిపోజిటరీలని చెరిపేయకుండా ఉంచుతుంది. కొత్త టెస్టు ఫెయిల్ కావాలి, అదీ మీరనుకున్న కారణంతోనే కావాలి. అవుట్‌పుట్ చదవండి. ఆ తర్వాతే సీ ఫైల్‌ని వెనక్కి తెచ్చి మళ్లీ నడపండి.

పుల్ సంగతి అక్కడితో సరి. వేరే రకం ఆప్షన్ల దగ్గర వచ్చే గోతులు కొన్ని త్వరగా చెప్పేస్తాను.

ఆప్షన్‌కి కాల్‌బ్యాక్ ఫంక్షన్ (ఆ ఆప్షన్ కనిపించగానే పార్సర్ పిలిచే ఫంక్షన్) ఉంటే, ముందుగా ‘నో-’ రూపంలో కొట్టి చూడండి. అప్పుడు కాల్‌బ్యాక్‌కి అన్‌సెట్ అనే పారామీటర్ 1గా, ఆర్గ్యుమెంట్ నల్‌గా వస్తాయి. రాసినవాళ్లు అన్‌సెట్‌ని చూడకుండా నేరుగా ఆర్గ్యుమెంట్‌ని చదివితే ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది. లేదా ఆర్గ్యుమెంట్‌ని వాడకపోతే ‘వద్దు’ అన్నదాన్ని ‘కావాలి’ అనుకుంటుంది. గిట్‌లో ఇలాంటి కాల్‌బ్యాక్‌లని 2018లో వెతికి సరిచేశారు. వ్యతిరేక రూపం ఉండకూడదని అనుకున్నచోట నోనెగ్ ఫ్లాగుతోపాటు, కాల్‌బ్యాక్ మొదట్లో ఆ సంగతి నిర్ధారించే మాక్రో పెట్టడం అప్పటి నుంచీ అలవాటైంది. రెండూ ఉన్నాయో లేదో చూడండి.

ఆర్గ్యుమెంట్ ఐచ్ఛికమైన ఆప్షన్‌ని చేర్చే ప్యాచ్ వస్తే, ఐచ్ఛికం ఎందుకని గట్టిగా అడగండి. ఐచ్ఛికమైతే విలువని ఆప్షన్‌కి అతికించే ఇవ్వాలి. ‘గిట్ డిస్క్రైబ్ --అబ్రెవ్=10 హెడ్’ సరైనది. ‘--అబ్రెవ్ 10 హెడ్’ అంటే 10 అనేది కమిట్ పేరనుకుంటుంది, దొరకలేదని ఆగుతుంది. అలా ఆగితే నయమే. ‘గిట్ స్టేటస్ -యూనో’ అనబోయి మధ్యలో ఖాళీ పెట్టి ‘-యూ నో’ అన్నారనుకోండి. ‘నో’ అనే పాత్ కింద మాత్రమే చూడమన్నట్టవుతుంది. అలాంటి డైరెక్టరీ లేదు, కాబట్టి మార్పులున్నా ఏమీ లేవన్నట్టు చూపిస్తుంది. ఇప్పటికే తప్పనిసరి ఆర్గ్యుమెంట్ ఉన్న ఆప్షన్‌ని ఐచ్ఛికం చేసే ప్యాచ్ అయితే, ఖాళీతో విలువ ఇచ్చే పాత స్క్రిప్టులన్నీ ఇలాగే దారి తప్పుతాయి.

విలువ దాచే పాయింటర్ టేబుల్‌లో వాయిడ్ పాయింటర్. అంటే రకం సరిపోకపోయినా కంపైలర్ అడగదు. ఇంట్ అనుకుని నాలుగు బైట్లు రాసే ఆప్షన్‌కి ఒక బైట్ వేరియబుల్ అడ్రస్ ఇస్తే పక్కవాటిని తుడిచేస్తుంది. ఎనిమిది బైట్లది ఇస్తే బిగ్ ఎండియన్ (సంఖ్యలో పెద్ద బైట్‌ని ముందు దాచే) యంత్రాల మీద విలువ తప్పు చోట పడుతుంది, మన ల్యాప్‌టాప్‌ల మీద మాత్రం బాగానే కనిపిస్తుంది. పూర్ణాంక ఆప్షన్లకి వేరియబుల్ సైజుని మాక్రోయే నమోదు చేసుకునే ఏర్పాటు 2025లో వచ్చింది. పాత కోడ్ మీద పనిచేస్తున్నా, ఇదే తీరులో రాసిన సొంత పార్సర్లున్నా కంటితోనే చూడాలి.

కాన్ఫిగ్‌తో జతపడే ఆప్షన్ అయితే వరుస చూడండి: ముందు కాన్ఫిగ్ చదవాలి, తర్వాత కమాండ్ లైన్. కాన్ఫిగ్‌లో ఆన్ అయి ఉన్నదాన్ని ‘నో-’ రూపం ఆఫ్ చేయగలగాలి. ‘యూజర్ ఏమీ చెప్పలేదు’కీ ‘వద్దన్నాడు’కీ తేడా తెలియాల్సిన చోట వేరియబుల్ -1తో మొదలవ్వాలి, సున్నాతో కాదు. జాబితా పోగేసే ఆప్షన్ అయితే ‘నో-’ రూపం ఆ జాబితాని ఖాళీ చేయాలి.

భద్రత గురించి ఒక్క మాట, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. యూజర్ ఇచ్చిన స్ట్రింగ్‌ని చైల్డ్ కమాండ్‌కి అందించే ఏ ప్యాచ్ వచ్చినా, ఆ స్ట్రింగ్ డ్యాష్‌తో మొదలైతే ఏమవుతుందని అడగండి. 2017లో ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌కి భద్రంగా కనెక్ట్ చేసే ప్రోగ్రామ్) యూఆర్‌ఎల్‌లో హోస్ట్ పేరు డ్యాష్‌తో మొదలైతే అది ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌కి ఆప్షన్‌గా చేరి, దాడి చేసేవాడు రాసిన కమాండ్ నడిచేది. గిట్, మెర్క్యూరియల్, సబ్‌వెర్షన్ మూడింట్లోనూ ఇదే లోపం బయటపడింది. భద్రతా లోపాల ఉమ్మడి జాబితా అయిన సీవీఈలో, గిట్‌కి సంబంధించి దాని నంబరు సీవీఈ-2017-1000117. మరుసటి ఏడు, సీవీఈ-2018-17456: సబ్‌మాడ్యూల్ (రిపోజిటరీ లోపల ఉంచే మరో రిపోజిటరీ) యూఆర్‌ఎల్ డ్యాష్‌తో మొదలైతే లోపల పిలిచే ‘గిట్ క్లోన్’కి అది ఆప్షన్ అయ్యేది. యూఆర్‌ఎల్‌కి ముందు ‘--’ (ఆప్షన్లు ఇక్కడితో అయిపోయాయన్న గుర్తు) పెట్టడం, అలాంటి యూఆర్‌ఎల్‌లని అసలు ఒప్పుకోకపోవడం, ఈ రెండూ కలిసి మందు.

రివిజన్లు (కమిట్, బ్రాంచ్ పేర్లు) తీసుకునే కమాండ్లలో ‘--’ సరిపోదు. అక్కడ దాని పని రివిజన్లకీ పాత్‌లకీ మధ్య గీత గీయడం, దాని ముందున్నవి ఇంకా ఆప్షన్లు కావచ్చు. ‘గిట్ లాగ్’కి ‘--అవుట్‌పుట్=’ అంటూ ఒక ఫైల్ పేరు ఇస్తే ఆ ఫైల్‌లోకి రాస్తుంది. బ్రాంచ్ పేరు అడిగే పెట్టెలో ఎవరైనా పేరుకి బదులు అది కొడితే? 2019లో 2.24 వెర్షన్‌తో వచ్చిన ‘--ఎండ్-ఆఫ్-ఆప్షన్స్’ దీనికోసమే.

మిగిలినవి చిన్నవి. కమాండ్‌ని ‘-హెచ్’తో నడిపి సహాయ వాక్యం చూడండి, పక్క వాక్యాలతో కలవాలి. వాక్యాన్ని అనువాదానికి గుర్తు పెట్టారా, ఆప్షన్ పేరుని అనువాద స్ట్రింగ్‌లో ఇరికించారా చూడండి. రెండు ఆప్షన్లు కలిపి వాడకూడదని చెప్పే ఎర్రర్‌కి ఇప్పటికే ఉన్న ఫంక్షన్‌ని వాడమనండి, అనువాదకులకి పని తగ్గుతుంది. మాన్యువల్‌లో ‘--[నో-]వెరిఫై’ అని రెండు రూపాలూ కనిపించాలి, ఏమీ ఇవ్వకపోతే ఏం జరుగుతుందో కూడా రాయాలి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఇంత తలనొప్పి తెచ్చే పొట్టి రూపాలని పూర్తిగా తీసేయొచ్చు కదా?

కొత్తగా ఒక టూల్ రాస్తున్నవాళ్లకి నేను ఇచ్చే సలహా అదే, పెట్టుకోకండి. గిట్‌లో మాత్రం ఇవి చాలా ఏళ్లుగా ఉన్నాయి. రోజూ వాడేవాళ్లున్నారు. అందుకే గిట్ మధ్యేమార్గం పట్టింది: టెస్టు సూట్‌లో నిషేధం, మాన్యువల్‌లో హెచ్చరిక. తెలియని ఆప్షన్లని అలాగే అట్టిపెట్టి వేరేచోటికి పంపే కమాండ్లలో కూడా పొట్టి రూపాలని ఆపేశారు. ఎందుకంటే ఆ అక్షరాలు తన టేబుల్‌లోని దానివో, అవతలి కమాండ్ టేబుల్‌లోని దానివో అక్కడి పార్సర్‌కి తెలిసే వీల్లేదు.

ప్రశ్న: తప్పు దొరికినప్పుడు రివ్యూలో ఎలా రాయాలి? ‘ఇది తప్పు’ అంటే రాసినవాళ్లు నొచ్చుకుంటారు.

నొచ్చుకునేది తప్పని చెప్పినందుకు కాదండీ, ఏం చేయాలో చెప్పకుండా వదిలేసినందుకు. కమాండ్ రాయండి, వచ్చింది రాయండి, రావాల్సింది రాయండి. మన ప్యాచ్‌కైతే ఇలా రాస్తాను: ‘ఈ ప్యాచ్‌తో గిట్ పుల్ --వెరిఫై నడిపి ట్రేస్ చూస్తే మెర్జ్‌కి --నో-నో-వెరిఫై వెళ్తోంది. టేబుల్‌లో పేరు వెరిఫై అని మార్చి, నోఆర్గ్ మాత్రం ఉంచితే రెండు రూపాలూ సరిగ్గా వెళ్తాయి, ఇక్కడ నడిపి చూశాను. రెండో టెస్టు సీ మార్పు లేకుండా కూడా పాస్ అవుతోంది, హుక్ ఒక ఫైల్ సృష్టించేలా చేసి అది ఉందో లేదో చూడగలరా?’ రెండో వెర్షన్ వచ్చినప్పుడు ‘గిట్ రేంజ్-డిఫ్’తో ప్యాచ్ పాత వెర్షన్‌నీ కొత్త వెర్షన్‌నీ పక్కపక్కన పెట్టుకోండి, అడిగినవి మారాయో అడగనివి మారాయో అక్కడే కనబడుతుంది.